విశాఖ కార్తెలో టైంటేబులా!

ఈ కాలం కుర్రోళ్ళు సముద్రానికి కూడా రైళ్ళకిచ్చినట్టు టైములిచ్చేస్తున్నారండి. మంగళవారం తెల్లారగట్ల నాలుగింటికి లంగరు తీస్తారట. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికల్లా మొగ దాటి లోపలికొచ్చేస్తారట. వాయుగుండం శుక్రవారం రాత్రికి గాని ముదరదట. మధ్యలో ఏడెనిమిది గంటల ఖాళీ ఉందట! "ఆ ఖాళీ నీకెవడు రాసిచ్చేడ్రా?" అంటే మా మనవడు ఫోను తెచ్చి నా మొహం మీద పెట్టేడు. అందులో బంగాళాఖాతం అంతా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. "ఇది యూరపువాళ్ళ లెక్క తాతా. అమెరికావాళ్ళ లెక్కలో ఇంకో పన్నెండు గంటలు లేటు" అన్నాడు. వైనతేయ గోదారి మొగలో కెరటం ఎప్పుడు లేస్తుందో యూరపువాడు చెప్పాలి, అమెరికావాడు ఔననో కాదనో అనాలి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఈ గట్టు మీదే ఉన్న ముసలోడిని మాత్రం ఎవడూ అడగడు.

అడక్కపోయినా చెబుతాను. వినేవాళ్ళు వినండి, విననివాళ్ళు ఫోను చూసుకోండి.

మా రోజుల్లో వేట ప్రయాణం పంచాంగంతో మొదలయ్యేది. ముహూర్తం కోసం కాదు, కార్తె కోసం. చిత్త, స్వాతి, విశాఖ, అనూరాధ. అంటే అక్టోబరు రెండో వారం నుంచి డిసెంబరు మొదటి రోజుల దాకా అన్నమాట. ఈ నాలుగు కార్తెల్లో నావ తాటితలలు దాటి పోకూడదని మా పాలెంలో పెద్దల మాట. ఒడ్డునున్న ఇసుక ఎలాగూ త్వరగానే మాయమవుతుంది; తాటిచెట్ల తలలు చాలా దూరం కనిపిస్తాయి. ఆ తలలు కూడా నీళ్ళలో మునిగేయంటే చుక్కాని తిప్పాల్సిందే. దీనికి జీవో లేదు, బోర్డు లేదు. కాని తప్పినవాడి ఇంట్లో పిల్లనివ్వడానికి ఆలోచించేవారు.

ఇప్పుడు చట్టం ఉంది, కాదనను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. చేప గుడ్లు పెట్టుకోవాలి గనక. మంచిదే. చేపకి రెండు నెలలు సెలవిచ్చిన ప్రభుత్వం, మనిషిని ముంచే రెండు నెలల దగ్గరికొచ్చేసరికి "ఎప్పటికప్పుడు హెచ్చరికలు పాటించవలెను" అని ఊరుకుంది. చేపకున్న సెలవు చేపలు పట్టేవాడికి లేకపోయె.

మా నాన్న నావకి ఇంజను లేదు. ఒక తెరచాప, చుక్కాని, తెడ్లు, అంతే. తెల్లారగట్ల నేల మీంచి కొండగాలి వీస్తుంది, దానితో బయటికి. ఎండ ముదిరాక సముద్రం మీంచి గాలి తిరుగుతుంది, దానితో ఇంటికి. వెళ్ళడానికొక గాలి, రావడానికొక గాలి. రెండో గాలి వస్తుందన్న నమ్మకం లేకపోతే మొదటి గాలికి తెరచాప ఎత్తకూడదు. మా టైంటేబుల్ మొత్తం ఈ ఒక్క ముక్కలో ఉంది. మధ్యాహ్నమైనా గాలి తిరక్కుండా ఈశాన్యం నుంచే పొద్దస్తమానం కొడుతోందంటే, లేదా గాలే లేకుండా ఉక్కపోసేస్తూ నీటి మీద మాత్రం బారు కెరటం నిదానంగా ఊగుతోందంటే, వల సగంలో ఉన్నా లాగేసి ఇంటిదారి పట్టేవోళ్ళం. చేప పడుతున్నా సరే. చేప బాగా పడుతుంటే మా నాన్నకి ఇంకా అనుమానం.

గాలి లేకుండా కెరటం ఎక్కణ్ణుంచి వస్తుందండీ? ఎక్కడో గాలి దాన్ని తోసింది గనక వస్తుంది. తుపాను నడక మామూలుగా గంటకి పది పదిహేను కిలోమీటర్లు. అది తోసిన కెరటం దానికి రెండింతలు వేగంగా నడుస్తుంది. తుపాను ఇంకా నడిసముద్రంలో ఉండగానే దాని కెరటం వచ్చి మన మొగలో కూర్చుంటుంది. ఇది మా నాన్నకి లెక్కగా తెలియదు, అరికాళ్ళకి తెలుసు. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది, 1999 నుంచి. సముద్రం పక్కన లేని ఊళ్ళో కూర్చుని సముద్రం కబుర్లు చెబుతారు, పైగా బాగానే చెబుతారు. వాళ్ళు కెరటాల హెచ్చరిక విడిగా ఇస్తారు. మనవాడు గాలి బొమ్మ చూసేడు, కెరటం బొమ్మ చూడలేదు. తుపాను శుక్రవారం రాత్రి వస్తే కెరటం కూడా అప్పుడే దిగుతుందనుకున్నాడు.

ఇక మొగ సంగతి. బయటివాళ్ళకి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్ళడమే గోదారి దాటడం. మొగ దాటడం వేరు. ఏరు సముద్రంలో కలిసే చోట నీళ్ళు కలవవు, కొట్టుకుంటాయి. పాటు వేళ ఏటినీరు బయటికి తోస్తుంటుంది, కెరటం లోపలికి తోస్తుంటుంది, ఆ రెండూ ఎదురుపడేది సరిగ్గా ఇసుక మేట మీద. అమావాస్య పాటుకి తూర్పుగాలి తోడయిందంటే అక్కడ కెరటం నిటారుగా లేచి, నిలబడి, విరుగుతుంది. అందుకని లోపలికి రావాలంటే పోటెక్కే వేళే రావాలి. మా నాన్న మొగ బయట తెరచాప సగం దించి నావని ఊరికే నిలబెట్టేవోడు. ఏం మాట్లాడేవోడు కాదు. పెద్ద కెరటాలు మూడో నాలుగో వరసగా వస్తాయి, తరవాత కాస్త తెరిపి ఉంటుంది. ఆ వరసలు రెండు మూడు చూసేవోడు. తాడు నా చేతిలో ఉండేది. తడిసిన కొబ్బరితాడు, అరచేయి కోసుకుపోయేది. చుక్కాని చంకలో ఇరికించుకుని "ఎత్తు" అనేవోడు. ఎత్తేక ఆలోచన లేదు. కెరటం వెనక పట్టుకుంటే తోసేస్తుంది; నావ అడ్డం తిరగకుండా చుక్కాని మీద వాలిపోయేవోడు. మేట మీద అడుగు గీసుకున్న చప్పుడు ఒళ్ళంతా తెలిసేది. అవతల ఏటినీరు నిదానంగా, ఏమీ ఎరగనట్టు ఉండేది. అప్పుడు చుట్ట అడిగేవోడు.

ఆ మొగలో తిరగబడడానికి తుపాను అక్కర్లేదండి, మామూలు రోజు చాలు.

ఇప్పుడు మళ్ళీ ఆ ఏడెనిమిది గంటల ఖాళీ సంగతి చూడండి. పోటు రోజుకి రెండుసార్లు. ఒక పోటుకీ ఇంకో పోటుకీ పన్నెండు గంటలు దాటుతుంది, రోజురోజుకీ ముప్పావుగంటో ఇంకాస్తో వెనక్కి జరుగుతుంది. తిథి తెలిస్తే పోటు తెలుస్తుంది. మనవాడు చెప్పిన శుక్రవారం రెండింటికి పోటా, పాటా? అడిగితే మళ్ళీ ఫోను తీసేడు. అందులో అదీ ఉందట, చూడలేదంతే. వల బరువయ్యో, ఇంజను మొరాయించో ఒక గంట ఆలస్యమైతే ఆ పోటు తప్పుతుంది. తరవాతి పోటు దాకా మొగ బయట కెరటంలో నిలబడాలి. ఎనిమిది గంటల ఖాళీలో పన్నెండు గంటలు ఎలా పడతాయో యూరపువాణ్ణే అడగమన్నాను.

హెచ్చరికల విషయంలో మా రోజులు మహా గొప్పవని నేననను. ఊరు మొత్తానికి ఒక్క రేడియో, అదీ కరణం గారింట్లో. ఆకాశవాణి విజయవాడ వార్తల చివర వాతావరణం చెప్పే వేళకి బ్యాటరీ నీరసించేది. అమలాపురం తాలూకా ఆఫీసుకి తంతి వచ్చి, అక్కణ్ణుంచి సైకిలు మీద మనిషి బయలుదేరి, బురదలో సైకిలు భుజాన వేసుకుని పాలెం చేరి, దండోరా వేయించేసరికి వాన మొదలయ్యేది. హెచ్చరిక మాకు అలా గొడుగేసుకుని వచ్చేది. అందుకే దానికోసం ఎదురు చూసేవోళ్ళం కాదు.

రేవుల్లో ఎగరేసే నంబర్లు మాత్రం మావాళ్ళకి కంఠతా వచ్చు. ఇప్పుడు టీవీవాళ్ళు "ఐదో నంబరు, ఆరో నంబరు ప్రమాద హెచ్చరిక" అని అరుస్తుంటే జనం పరీక్ష మార్కులనుకుంటున్నారు, ఐదు కంటే ఆరు ఎక్కువని. కాదు. ఒకటి, రెండు దూరంలో ఉన్నదానికి. మూడు, నాలుగు ఆ రేవుకే గాలి తగిలేలా ఉంటే. ఐదు, ఆరు, ఏడు మూడూ ఒకే బలం తుపానుకి. తేడా పక్కలో ఉంది. తుపాను నడిచే దారికి రేవు ఎడమ పక్కనుంటే ఐదు, కుడి పక్కనుంటే ఆరు, నెత్తి మీంచో దగ్గర్నుంచో పోతే ఏడు. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అదే వరస, తీవ్ర తుపానుకి. పదకొండు వచ్చిందంటే వార్త అందే దారే తెగిపోయిందని.

ఈ కుడి ఎడమల్లోనే బతుకు ఉంది. మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. అది తూర్పు నుంచి వచ్చి ఒడ్డెక్కినప్పుడు కుడిపక్క, అంటే ఉత్తరాన ఉన్న ఊళ్ళ మీదికి సముద్రాన్ని తోస్తుంది, ఉప్పెన అక్కడే. ఎడమపక్క గాలి నేల మీంచి సముద్రంలోకి కొడుతుంది. అక్కడ ఊరు మునగకపోవచ్చు గాని సరిగా కట్టని నావ ఏకంగా నడిసముద్రానికి పోతుంది. గాలికి ఎదురుగా మొహం పెట్టి నిలబడితే తుపాను నడిమి భాగం కుడిచేతి వైపు, కాస్త వెనగ్గా ఉంటుంది. గాలి ఈశాన్యం నుంచి తూర్పుకీ, ఆగ్నేయానికీ తిరుగుతూ పోతే మనం చెడ్డపక్కనున్నామని. ఉత్తరం నుంచి వాయవ్యానికీ, పడమరకీ తిరిగితే రెండో పక్క. ఇది మా తాత కనిపెట్టింది కాదులెండి. కలకత్తాలో పిడింగ్టన్ అని ఒక దొర ఓడల దినచర్య పుస్తకాలన్నీ ముందేసుకుని, 1848లో నావికుల కోసం దీని మీద పుస్తకమే రాసేడు. అతను అంత శ్రద్ధగా పరిశీలించిన గాలివానల్లో మన పక్కనున్న కోరంగిని 1789 డిసెంబరులో ముంచిన ఉప్పెన ఒకటి.

కోరంగి పేరెత్తేను గనక ఇంకో మాట. కోరంగి, తాళ్ళరేవుల్లో కట్టిన ధోనీలు తెరచాపల మీదే కలకత్తా, రంగూన్ తిరిగేయి. అవి కూడా పంచాంగం చూసుకుని రేవులో నిలిచేవి. మన బెండమూర్లంకలో కూడా ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళ వర్తక స్థావరం ఉండేది. వాళ్ళకీ ఇదే బాధ. మద్రాసు కోట మీదైతే అక్టోబరు 15 రాగానే జెండా దించేసేవారు, డిసెంబరు 15 దాకా ఇక్కడ లంగరెయ్యొద్దని. 1746లో లాబోర్దనే అనే ఫ్రెంచి నౌకాధిపతి మద్రాసు పట్టుకుని, విడుదల సొమ్ము బేరం తెగక అక్టోబరు మధ్య దాకా అక్కడే ఉండిపోయేడు. ఒక్క రాత్రి గాలివానకి ఓడలు కొన్ని మునిగేయి, మిగిలినవాటికి కొయ్యలు విరిగేయి. బేరం అంటే అంతే. ఫ్రెంచివాడికైనా, మా పాలెంలో బోటు ఓనరుకైనా. ఆ కోరంగిని 1839 నవంబరులో ఇంకో ఉప్పెన కొట్టింది, రేవుగా మళ్ళీ తేరుకోలేదు. వ్యాపారం కాకినాడకి పోయింది.

ఇంత చెప్పుకొచ్చి 1996 దాటేసి పోతే మీరు నన్ను నమ్మకూడదు. నవంబరు 6, బుధవారం. దీపావళికి ఇంకా నాలుగు రోజులుంది, పిల్లలు సిసింద్రీలు ఎండబెట్టుకుంటున్నారు. అల్పపీడనం అన్నది చూస్తుండగా వాయుగుండమై, తుపానై, తీవ్ర తుపానై ఆ రాత్రి తొమ్మిది దాటేక కాకినాడకి దక్షిణంగా యాభై కిలోమీటర్ల దగ్గర, అంటే సరిగ్గా మన కోనసీమ మీద ఒడ్డెక్కింది. వెయ్యి మందికి పైగా పోయేరు. భైరవపాలెం, బలుసుతిప్పల్లో వేటకి వెళ్ళినవాళ్ళు ఇళ్ళకి రాలేదు. కొబ్బరిచెట్లు లక్షల్లో పడిపోయేయి; తెల్లారి చూస్తే అంబాజీపేట నుంచి అటు ముమ్మిడివరం దాకా ఆకాశం ఎక్కువైపోయినట్టుంది. అప్పటికే చాలామంది బోట్లకి ఇంజన్లొచ్చేయి. దూరం పోవడం మొదలయింది. కాని అంతదూరం పోయినవాడికి కబురందించే సాధనం రాలేదు. తాటితలలు వదిలేసి, ఫోను ఇంకా చేతికి రాని ఆ మధ్యకాలంలో చిక్కుకున్నవాళ్ళండి వాళ్ళు. కార్తె చూసుకునేవాళ్ళయినా అందరూ బతికేవారని నేను చెప్పను. ఊళ్ళో ఉన్నవాళ్ళూ పోయేరు. అంతకు ముందు 1977 నవంబరు 19న దివిసీమలో పోయిన వేలమంది ఇళ్ళల్లోనే ఉన్నారు కదా.

అందుచేత ఇప్పటి హెచ్చరికల్ని వెక్కిరించే హక్కు నాకు లేదు. విశాఖలో తుపాను హెచ్చరిక కేంద్రం, మచిలీపట్నంలో రాడార్, పైన ఉపగ్రహాలు. 2018 డిసెంబరు 17న పెథాయ్ మన కాట్రేనికోన దగ్గరే తీరం దాటింది. మా పాలెంలో బోట్లన్నీ అప్పటికి మూడు రోజులై ఏట్లోనే ఉన్నాయి. దాని బలం 1996తో పోల్చదగ్గది కాదనుకోండి, అయినా ఆ మూడు రోజులూ మాకు పైనించి వచ్చిన దానమే. మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర ఒడ్డెక్కినప్పుడూ అంతే. పెథాయ్ డిసెంబరులో రావడం మాత్రం నాకు నచ్చలేదు. కార్తీక పున్నమి దాటితే సముద్రం సర్దుకుంటుందని నేను ఎంతమందికి చెప్పుకున్నానో!

పేర్లొకటి మళ్ళీ. 2004 నుంచి మన సముద్రంలో తుపాన్లకి పేర్లు పెడుతున్నారు, ఇప్పుడు పదమూడు దేశాలు వంతులేసుకుని పెడతాయి. మా రోజుల్లో "ఫలానా ఏడాది గాలివాన" అంటే చాలు, ఆ ఏడాది పుట్టినవాడి వయసు కూడా తెలిసిపోయేది. 2013 నవంబరులో వారం తిరక్కుండా రెండొచ్చేయి. హెలెన్ 22న మచిలీపట్నం దగ్గర దాటి మా కోతల్ని నాశనం చేసింది. వెనకాలే లెహర్. అదింకా పెద్దదన్నారు, కాకినాడ దగ్గర మన నెత్తి మీదికే అన్నారు. ఊళ్ళు ఖాళీ చేయించేరు, పులిహోర పొట్లాలు పంచేరు. తీరా అది సముద్రంలోనే నీరసించి వాయుగుండమై మచిలీపట్నం దగ్గర దాటింది. ఎంత మంచి వార్త! మావాళ్ళు మాత్రం వారం రోజుల వేట పోయిందని తిట్టుకున్నారు. ఆ తిట్టుడు పోయిందనుకునేరు, ఇప్పటికీ వినబడుతుంది: "లెహర్ అప్పుడు ఏమయింది తాతా?" ఏమీ అవలేదురా. ఏమీ కాకపోవడమే కదా మనక్కావలసింది!

నా గొణుగుడు ఇక్కడుంది. కబురు మూడు రోజులు ముందొస్తోంది. ఆ మూడు రోజులూ ఇంట్లో ఉండడానికి వాడాలా, ఇంకో వేట ఇరికించడానికి వాడాలా? మా రోజుల్లో ఎప్పుడొస్తుందో తెలియదు గనక నెలన్నర ముందే దూరం జరిగేవోళ్ళం. ఇప్పుడు గంటల్తో సహా తెలుసు గనక ఆఖరి గంట దాకా బయటే. ఇరవై నాలుగు గంటల ముందు చెప్పే చోటులో కూడా సగటున డెబ్బై ఎనభై కిలోమీటర్ల తేడా వస్తుంది. అంటే అంతర్వేదిలో ఎక్కుతుందన్నది భైరవపాలెంలో ఎక్కవచ్చు. నిన్న ఎడమపక్కన ఉన్న ఊరు రాత్రికి కుడిపక్కకి రావచ్చు. ఐదో నంబరు ఆరవుతుంది. బొమ్మలో గీసే ఆ గరాటు ఉంది చూశారూ, దాని బయటుంటే క్షేమం అనుకుంటారు మా కుర్రోళ్ళు. అది తుపాను కన్ను ఎక్కడికి పోవచ్చో చెప్పే గీత. ఒళ్ళు ఎంత వెడల్పో చెప్పదు.

ఈ జబ్బు మనకే కాదట. మా బంధువుల కుర్రాడొకడు ఫ్లోరిడాలో ఉన్నాడు, సెలవులకి వచ్చినప్పుడు చెప్పేడు. అక్కడ డబ్బున్నవాళ్ళు సరదాకి తెరచాప పడవలు వేసుకుని కరీబియన్ దీవులు తిరుగుతారట. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా హరికేన్ల కాలం. ఆ ఆరు నెలలూ పడవ ఫలానా అక్షాంశానికి దక్షిణంగానో ఉత్తరంగానో ఉండాలని ఇన్సూరెన్సువాళ్ళే రాసుకుంటారట, లేకపోతే పైసా రాదు. నాకు ఎంత ముచ్చటేసిందో! మన తాటితలల కట్టడే కదా, కాకపోతే కాయితం మీద. అందుకని చాలామంది దక్షిణాన గ్రెనడా దాకా దిగి ఆగుతారు. 2024 జూలై 1న బెరిల్ అనే హరికేన్ సరిగ్గా ఆ గ్రెనడా దేశంలో ఉన్న కరియకూ దీవి మీదే పడింది. మడ అడవిలో దాచుకున్న పడవలు కూడా ఒకదాని మీదొకటి గుట్టపడ్డాయట. నేను ఆ మాట మా మనవడికి చెప్పలేదు. చెబితే "చూశావా తాతా, కట్టడి పాటించినా అంతే" అంటాడు.

మడ అన్నాను గనక, నావ దాచడం కూడా ఒక విద్యే. గాలి వాసన తగలగానే నావని ఉప్పుటేటి లోపలికి, మలుపు తిరిగిన చోటికి తోసుకుపోయేవోళ్ళం. రెండు పక్కలా మడచెట్ల మొదళ్ళకి నాలుగు తాళ్ళు. బిగించి కట్టకూడదు, ఉప్పెనకి నీరు నిలువెత్తు లేచినా నావ దానితో లేవాలి. కొయ్య దింపి, చుక్కాని పీకి ఇంటికి తెచ్చుకోవాలి. ఇప్పుడా ఉప్పుటేళ్ళేవి? రొయ్యల చెరువుల గట్లు రెండు పక్కల్నించీ నడిచొచ్చి ఏటి పీక నులిమేయి. ఫైబరు బోట్లని ఒడ్డు మీదికి లాగి సరుగుడు చెట్లకి కట్టేస్తున్నారు. పెద్ద మరబోట్లు కాకినాడకో, నిజాంపట్నానికో పరుగెత్తాలి. అంటే తుపాను వస్తుంటే దాక్కోవడానికి కూడా మళ్ళీ సముద్రంలోకే పోవాలి. దానికి మొగ దాటాలి. దానికి పోటు కావాలి. మొగలో మేట ఏటికేడాది జరుగుతోంది, తవ్వుతామంటారు, తవ్వుతూనే ఉంటారు.

సరే, కుర్రోళ్ళని ఎంతసేపని తిడతాను? వాళ్ళకి తొందర ఎక్కణ్ణుంచి వస్తోందో నాకు తెలుసు. డీజిలు అప్పు, వల అప్పు, బోటు అప్పు. ఓనరు అడ్వాన్సిచ్చి పంపుతాడు, రెండు రోజులు ముందొస్తే మొహం మాడ్చుకుంటాడు. అన్నిటికంటే ముఖ్యం ఐసు. గడ్డలు కొట్టి పెట్టెలో పోసిన క్షణం నుంచి అది కరుగుతుంది. ఈరోజు గాలి బాగులేదు రేపు పోదాం అనడానికి లేదు, రేపటికి సగం నీళ్ళు. సముద్రంలో ఇంకో రోజు ఆగి మెల్లగా వద్దామనడానికీ లేదు, వంజరం మెత్తబడితే కొనేవాడు చేత్తో నొక్కి చూసి సగం రేటంటాడు. టైంటేబుల్ రాసింది యూరపువాడూ కాదు, అమెరికావాడూ కాదు, ఐసు.

మా నావలో ఉప్పు గోనె ఉండేది. పడిన సొరనీ, సావిడాయిలనీ చీల్చి, ఉప్పు దట్టించి పేర్చేసేవోళ్ళం. గాలి బాగులేకపోతే ఏ తిప్ప పక్కనో రెండు రోజులు పడుండేవోళ్ళం, చేపకేం కాదు, ఇంకాస్త ఊరేది. ఒడ్డుకొచ్చేక ఇసుకలో ఎండేసి, అమలాపురం సంతకి నెలాగి పట్టుకెళ్ళినా అదే ధర. ఇప్పుడు ఐసు డబ్బు ముందే కట్టాలి. తుపాను వచ్చి బోటు కదలకపోయినా వెనక్కివ్వరు. ఉప్పుచేప వేసుకోరా, తొందరుండదు అంటే మనవడు నవ్వుతాడు, ఎవడు కొంటాడు తాతా అని. వాడి మాటా నిజమే. నాకోసం ఎప్పుడైనా పొయ్యి మీద నాలుగు ముక్కలు పడేస్తే మా కోడలు కిటికీలన్నీ తీసేసి, నన్ను పళ్ళెంతో సహా అరుగు మీదికి పంపేస్తోంది.